ఏడ్పుల మాట

ఉదయ్ భాస్కర్ సార్ ఏటా జూన్ నెలాఖరున బోర్డు మీద జానపద సాహిత్యంలోని రకాలన్నీ రాస్తాడు. డిగ్రీ ఆఖరి సంవత్సరం తెలుగు విద్యార్థులు తలా ఒకటి ఎంచుకుని, నెలరోజులు బయట తిరిగి సేకరించుకొచ్చి ప్రాజెక్టు రాసివ్వాలి. ఆ ఏడు పదకొండు రకాలు రాశాడు. సామెతలు, పొడుపుకథలు, జోలపాటలు అర నిమిషంలో అయిపోయాయి. సైనిక్‌పురి నుంచి వచ్చే అభిరామ్ పొడుపుకథలకు చెయ్యెత్తాడు. వాళ్లది కాకినాడ వైపు. అమ్మమ్మకు ఒక్క ఫోన్ కొడితే సాయంత్రానికి యాభై వస్తాయని అతని ధీమా.

మెట్టుగూడ సృజన నమ్మకాలు తీసుకుంది. పది రోజులు తమ గల్లీలో ఇల్లిల్లూ తిరిగింది. పిల్లి ఎదురైతే ఏమిటి, బల్లి భుజం మీద పడితే ఏమిటి, గోళ్లు ఏ వారం తీయకూడదు, అన్నీ కలిపి నూట ఇరవై దాకా రాసుకొచ్చింది. సార్ నాలుగు పేజీలు తిప్పి నోట్‌బుక్ మూశాడు.

"ఇవన్నీ నెట్‌లో ఉన్నాయమ్మా. ఎవరో ఎప్పుడో చేసేశారు. ఇంకా టైముంది, రకం మార్చుకో."

"ఇంకేమున్నయి సార్?"

"శోకాలు. ఎనిమిదేళ్ల నుంచి రాస్తున్నా బోర్డు మీద. ఒక్కళ్లూ తీసుకోరు. చావింట్లో ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారు చూడు, అవి. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉన్నారా?"

"మా నానమ్మ ఉంది సార్. మంచిగ ఏడుస్తది."

క్లాసంతా నవ్వింది. సృజన నవ్వించడానికి అనలేదు. మెట్టుగూడలో వాళ్ల చుట్టాల్లో ఎవరు పోయినా ముందు అనసూయమ్మకు కబురొచ్చేది. అనసూయమ్మ ఏడిస్తేనే పోయినవాడికి దారి దొరుకుతుందని అనేవాళ్లు. ఆమెకు డెబ్భై ఒకటి. భర్త రైల్వేలో పనిచేసి ఎప్పుడో పోయాడు. కొడుకు భానుప్రకాశ్‌కు, అంటే సృజన తండ్రికి, పార్శిల్ ఆఫీసులో ఉద్యోగం.

ఆ సాయంత్రం అనసూయమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంటే సృజన పక్కన చేరింది.

"నానమ్మా, ఒక్కసారి ఏడ్చి చూపియ్యవా? ఫోన్ల పట్టుకుంట. కాలేజీకి కావాలె."

అనసూయమ్మ చెయ్యి ఆగింది. "సావు లేని ఇంట్ల ఏడుస్తరా? పొయ్యి నోరు కడుక్కో."

"ఉత్తగనే నానమ్మా. పాట లెక్క."

"పాట కాదది. ఎదురుంగ పీనుగుంటెనే మాటలొస్తయ్. లేకుంటే రావు." కాసేపు బియ్యం ఏరింది. మనుమరాలి మొహం చిన్నబోవడం చూసి మళ్లీ తనే అంది. "ఇంకోటి ఇను. ఏడ్పుల వంద అంటం. నువ్వు సూడలేదు, నువ్వు పెట్టలేదు, నువ్వే సంపినవ్ అని సుత అంటం. తానం చేసి ఇంట్లకొచ్చినంక ఇగ ఆ మాట లేదు. ఎవ్వలు యాది చెయ్యరు. యాది చేస్తే ఏ ఇల్లు సుత నిలువది."

"అంటే అబద్ధం ఏడుస్తరా?"

"అబద్ధం ఎందుకైతది? మా అమ్మ గట్లనే ఏడ్చింది, మా అమ్మమ్మ గట్లనే ఏడ్చింది. ఎవలు ఎంత చేసినా పోయినోనికి తక్కువే గద. గా తక్కువను ఎవలో ఒకల మీద ఏసి ఏడుస్తం. ఏసిపిచ్చుకున్నోళ్లకు సుత ఎరుకే."

సృజన ఆ మాటలు నోట్‌బుక్‌లో రాసుకుంది. కానీ శోకం లేకుండా ఆ మాటలతో ప్రాజెక్టు కాదు.

అనసూయమ్మకు ఒక్కడే తమ్ముడు, పర్వతాలు. రెజిమెంటల్ బజార్‌లో ట్రంకుపెట్టెల దుకాణం అతనిది. మిలిటరీ వాళ్లూ రైల్వే వాళ్లూ ఆ పెట్టెలే కొనేవాళ్లు. ఇప్పుడు కొనేవాళ్లు తగ్గారు. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి అతను మంచం పట్టాడు. కొడుకు ఓంప్రకాశ్ దుకాణం చూసుకుంటాడు. పర్వతాలును చూసుకున్నది కోడలు భవాని. రోజుకు మూడుసార్లు పక్క మార్చడం, ఒళ్లు తుడవడం, మెత్తగా పిసికి అన్నం పెట్టడం, అన్నీ ఆమే. సబ్బునీళ్లలో నాని నాని ఆమె వేళ్ల సందుల్లో చర్మం ఊడిపోయేది. అనసూయమ్మ గురువారం గురువారం తమ్ముణ్ని చూసివచ్చి, "భవాని చేతుల వడ్డడు కాబట్టి బతికిండు. నేనైతే గింత చెయ్యలేకపోతుంటి" అనేది. సృజన కూడా అప్పుడప్పుడు వెంట వెళ్లేది. ఒకసారి భవాని ఒక్కతే అవస్థపడుతుంటే దుప్పటి రెండో కొస తను పట్టుకుంది.

జులై రెండో వారంలో ఒక మంగళవారం పొద్దున ఏడింటికి ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు. పర్వతాలు పోయాడు. భానుప్రకాశ్ డ్యూటీలో ఉన్నాడు. సృజన నానమ్మను ఆటోలో ఎక్కించుకుని ముందు బయలుదేరింది. ఆలుగడ్డబావి దగ్గర ట్రాఫిక్‌లో ఆటో చాలాసేపు ఆగింది. అనసూయమ్మ కన్ను తడవలేదు. ఒడిలో చేతులు పెట్టుకుని ముందున్న బస్సును చూస్తూ కూర్చుంది.

ఆ ఆటోలోనే సృజనకు ఆలోచన వచ్చింది. సంచిలోంచి ఫోన్ తీసి చార్జింగ్ ఎంతుందో చూసుకుంది.

గల్లీ మొదట్లో దిగగానే అనసూయమ్మ కొప్పు విప్పింది. దుకాణం షట్టర్ సగం దించి ఉంది. దాని ముందే చాప మీద పర్వతాలును పడుకోబెట్టారు. ఇంకా పదడుగుల దూరం ఉండగానే ఆమె గొంతు లేచింది. అక్కడిదాకా తలా ఒక మూల కూర్చున్న ఆడవాళ్లు ఆ గొంతు విని ఒక్కసారి కదిలి దగ్గరికొచ్చారు. భవాని పరుగెత్తుకొచ్చి ఆమె మెడను చుట్టుకుంది. అనసూయమ్మ ఆమె వీపు మీద చేత్తో కొడుతూ ఏడ్చింది.

"ఓ తమ్ముడో, నా సంకల పెరిగిన తమ్ముడో
గుక్కెడు నీళ్లకు గోడ దిక్కు జూస్తివా తమ్ముడో
పక్క తడిస్తె పలికినోళ్లు లేకపోయిరా తమ్ముడో
ఊరందరికి పెట్టెలు జేస్తివి
నీకు దుప్పటి కరువాయెనా నా తమ్ముడో
నీ కోడలు తలుపేసుకునెనా, నీ కొడుకు మొకం దిప్పెనా..."

భవాని ఆ భుజం మీదే తల పెట్టుకుని "ఓ మామో, నన్నిడిసి పోతివా" అని వంత కలిపింది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఏడ్చారు. కాసేపటికి అనసూయమ్మ శోకం భవాని మీదికి మళ్లింది. "బిడ్డ లెక్క జేసిన కోడలా, నీ చేతులరిగిపాయె కోడలా, ఇంక పొద్దుగాల ఎవలికి బువ్వ వెడ్తవ్ కోడలా" అంటూ ఆమె రెండు చేతులూ పట్టుకుని మొహానికి అద్దుకుంది.

ఒకదాని మీద ఒకటి పేర్చిన ట్రంకుపెట్టెల పక్కన సృజన నిలబడి ఉంది. ఫోన్ ఛాతీకి ఆనించి పట్టుకుంది. పదకొండు నిమిషాల వీడియో రికార్డయింది. అందులో కొంతసేపు బొమ్మ ఊగుతుంది. తనూ ఏడుస్తూనే తీసింది.

దహనమై, అందరూ స్నానాలు చేశాక భవాని చాయ తెచ్చింది.

"తాగు పెద్దత్తమ్మా. పొద్దటి సంది ఏం ముట్టలె."

"నువ్వు తాగినవా?"

తాగలేదని తెలిసి అనసూయమ్మ సగం చాయ ఇంకో గ్లాసులో వంచి ఇచ్చింది. ఇద్దరూ గోడకు ఆనుకుని తాగారు.

రికార్డింగ్ సంగతి సృజన ఇంట్లో చెప్పలేదు. దినాలు అయ్యేదాకా ఆగుదామనుకుంది. దినాలయ్యాక రేపు చెప్దామని రోజూ వాయిదా వేసింది. ప్రాజెక్టుతోపాటు ఒక ఫారం ఇవ్వాలి. 'నా ఇష్టపూర్వకంగా, సేకర్త కోరిక మేరకు వినిపించాను' అని ఉంటుంది. కింద వినిపించినవాళ్ల సంతకం. గడువు ముందురోజు సృజన ఆ కాగితం, పెన్ను పట్టుకుని నానమ్మ దగ్గరకు వెళ్లింది.

"ఏందిది బిడ్డా?"

"కాలేజీ కాగితం నానమ్మా. ఇంట్ల పెద్దోళ్ల సంతకం కావాలంట."

"మీ నాయనది వెట్టిపిచ్చకపోయినవా?"

"నీదే కావాలె."

అనసూయమ్మ మురిసిపోయింది. ఆమె రాయడం నేర్చుకున్నది యాభై ఏళ్లు దాటాక, రాత్రిబడిలో. చెయ్యి తుడుచుకుని, కాగితం పీట మీద పెట్టి, ఒక్కో అక్షరం గీసింది. మకారం వత్తు దగ్గర ఆగి, సరిగ్గా వచ్చిందా అని అడిగింది. వచ్చిందని సృజన చెప్పింది.

ఉదయ్ భాస్కర్ సార్ స్టాఫ్‌రూంలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం విన్నాడు. మధ్యలో కళ్లద్దాలు తీశాడు.

"సృజనా, నువ్వేం తెచ్చావో నీకు తెలుస్తోందా? నా సర్వీసులో ఇట్లాంటి రికార్డింగ్ వినలేదు. ఎంత నిజం ఉందో ఆ గొంతులో."

సృజన మొహం వెలిగింది. మూడేళ్లలో ఆయన ఎవరితోనూ అట్లా మాట్లాడలేదు. ఆయన ఎర్రపెన్ను తీసి రాతప్రతి తిరగేశాడు. నేపథ్యం అన్న శీర్షిక కింద సృజన ఒక పేజీన్నర రాసింది. భవాని రెండేళ్లు ఏమేం చేసిందో, శోకంలో నిందలు ఎందుకు వేస్తారో, నానమ్మ చెప్పినదంతా రాసింది. సార్ ఆ పేజీన్నర మీద అడ్డంగా గీత కొట్టాడు.

"ఇది వద్దు. ఇది మీ ఇంటి సంగతి, జానపదం కాదు. నేపథ్యం రెండు లైన్లు చాలు. తమ్ముడి మరణం, అక్క శోకం. అంతే."

"కాని సార్, వింటే తప్పుగ అనుకుంటరేమో."

"వినేవాళ్లకు అన్నీ విప్పి చెప్తే ఏడుపు బలం పోతుందమ్మా."

ఆమె సరే అంది. ఆ 'సరే' చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు.

ఆగస్టులో కాలేజీ హాల్లో జానపద దినోత్సవం జరిపారు. పొడుపుకథలు అడిగారు, జోలపాటలు పాడారు. చివర లైట్లు తీసి అనసూయమ్మ శోకం వేశారు. అయిపోయాక హాలంతా చప్పట్లు కొట్టింది. వేదిక మీదికి పిలిచి సృజనకు శాలువా కప్పారు. ఆ రోజు ఆమెకు సంతోషంగానే ఉంది. అది ఆమె తర్వాత కూడా దాచుకోలేదు.

డిపార్ట్‌మెంట్ వీడియో చానల్ చూసుకునేది అభిరామ్. చిన్న ముక్క చేసి పెట్టమని సార్ అతనికి చెప్పాడు. పదకొండు నిమిషాల్లోంచి అతను యాభై సెకన్లు కోశాడు. గోడ దిక్కు చూస్తివా దగ్గర మొదలై తలుపేసుకునెనా దగ్గర ఆగుతుంది. అనసూయమ్మ వీపే కనిపిస్తుంది. ఆమె భుజం మీద భవాని మొహం మాత్రం పూర్తిగా కనిపిస్తుంది. కింద పెద్దక్షరాల్లో మాటలు వేశాడు.

"గింతేనా పెట్టినవ్? ఎనక మా భవాని అత్తను మెచ్చుకున్నది ఉండె గద" అంది సృజన.

"నిమిషం దాటితే ఎవరూ చూడరండీ బాబూ," అన్నాడు అభిరామ్. "అయినా మన చానల్‌కి రెండొందల మంది కూడా లేరు. ఏం కాదులే."

మొదటి రోజు రెండొందల మందే చూశారు. నాలుగో రోజుకు ఇంకెవరో ఆ ముక్కను తీసుకుని తమ పేజీలో పెట్టుకున్నారు. దానికి పేరు మార్చారు. 'చచ్చేదాకా నీళ్లివ్వని కోడలు. ఆడబిడ్డ నోట అసలు నిజం.' ఆడబిడ్డ ఎవరో, అత్త ఎవరో వాళ్లకు పట్టలేదు. వారం తిరిగేసరికి లక్షలమంది చూశారు. కింద రాతలు సృజన మొదట్లో కొన్ని చదివింది. చూడండి ఎట్లా నటిస్తుందో, అని ఒకరు. ఇట్లాంటిదాన్ని ఆ పెట్టెలోనే వేసి మూయాలి, అని ఒకరు. వీడియోలో షట్టర్ మీద దుకాణం పేరు సగం కనిపిస్తుంది. మిగతా సగం ఎవరో కనిపెట్టి రాశారు.

సృజన సార్ దగ్గరికి పరుగెత్తింది.

"తీసేద్దాం. తీసేయిస్తా," అన్నాడాయన. నిజంగానే కంగారుపడ్డాడు. "కానీ బయట పెట్టుకున్నవాళ్లను మనమేం చేయగలం? ఫారం ఉంది కదా, సంతకం ఉంది. కాలేజీకేం ఇబ్బంది రాదు."

చానల్లోంచి అది రెండు రోజుల్లో పోయింది. బయట తిరుగుతూనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం ఓంప్రకాశ్ మెట్టుగూడకు వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఫోన్ తీసి భానుప్రకాశ్ చేతికిచ్చాడు.

"చూడు బావా. మీ బిడ్డ చదువు."

భానుప్రకాశ్ చూశాడు. తర్వాత ఫోన్ అమ్మకు అందించాడు. అనసూయమ్మ తన గొంతు బయటినుంచి వినడం అదే మొదటిసారి. ముందు ఎవరో అనుకుంది. తమ్ముడో అన్న పిలుపు విని కళ్లు చిట్లించి దగ్గరగా చూసింది. అయిపోగానే ఓంప్రకాశ్‌ను అడిగింది.

"ఇంక ఉండె గదరా. భవాని చేతులు పట్టి ఏడ్చింది ఏడికి పాయె?"

"గది నన్నడుగుతవేంది అత్తా? మనుమరాల్ని అడుగు."

అనసూయమ్మ సృజన వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. లెక్క సరిపోక మళ్లీ మొదటినుంచి చూసుకుంటున్న మనిషిలా ఉంది. "నువ్వు పట్టినవా? తమ్మునింటి కాడ?"

"అవు నానమ్మా."

"గా కాగితం గిందుకేనా?"

సృజన తలూపింది. భానుప్రకాశ్ లేచి వచ్చి కూతురి మీద చెయ్యెత్తాడు. మళ్లీ దించుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు అనసూయమ్మ సృజననే వెంటబెట్టుకుని రెజిమెంటల్ బజార్ వెళ్లింది. దుకాణం తెరిచే ఉంది. ఎదురుగా చెప్పుల షాపు ముందు నిలబడ్డ ఇద్దరు వీళ్లను చూసి ఏదో అనుకున్నారు. భవాని వెనక గదిలో ఉంది. వారం నుంచి ఆమె బయటకు రాలేదు. తొమ్మిదో తరగతి చదివే కూతుర్ని బడిలో పిల్లలు ఏదో అన్నారని, ఆ పిల్ల కూడా ఇంట్లోనే ఉంది.

"భవానీ, గది నేను నిన్ను అన్న మాట కాదు బిడ్డా. నీకెరికే గద" అంది అనసూయమ్మ గడపలోనే.

"నాకెరికే పెద్దత్తమ్మా. నువ్వు అన్నందుకు నాకేం లేదు. నేను సుత నీతోని ఏడ్చిన. రేపు మా అమ్మ పోతే మా వదినె మీద నేను సుత గట్లనే ఏడుస్త." భవాని గొంతు మామూలుగానే ఉంది. "కాని దుకాణం ముంగట నిలవడి, గీమెనే, గీమెనే అని చూయిస్తున్రు. మందుల షాపాయన లేడా, రెండేండ్ల సంది మామకు డైపర్లు ఆయన దగ్గరనే తెచ్చిన. ఆయన సుత అడిగిండు, నిజమేనా అమ్మా అని. నేనేం చెప్పాలె?"

భవాని సృజన వైపు చూసింది.

"నేను మామ పక్క మారుస్తుంటే నువ్వు చూసినవ్ గదనే. ఒక దినం నువ్వు సుత దుప్పటి పట్టినవ్."

"నేను రాసిన అత్తా. నువ్వు చేసిందంత రాసిన. సార్ కొట్టేసిండు."

"కొట్టేస్తే?"

భవాని ఇక ఆమెను వదిలి అనసూయమ్మ వైపు తిరిగింది.

"ఒక్క పని చెయ్యి పెద్దత్తమ్మా. గా ఫోన్లనే చెప్పు. నా కోడలు మంచిగ చూసుకున్నది, నేను ఏడ్చింది నిజం కాదు అని చెప్పు. గదే ఊరంత తిరుగుతది."

అనసూయమ్మ ఒప్పుకుంది. పర్వతాలు పడుకున్న మంచం ఇంకా ఆ గదిలోనే ఉంది. దాని అంచు మీద ఆమెను కూర్చోబెట్టారు. పక్కన భవాని నిలబడింది. సృజన ఫోన్ పట్టుకుంది. ఆ పని ఇంకెవరు చేసినా బాగుండునని ఆమెకు అనిపించింది గాని చేసేవాళ్లు లేరు. అనసూయమ్మ గొంతు సవరించుకుని, నాలుగేళ్ల పిల్ల పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది. "నా పేరు అనసూయమ్మ. నా తమ్ముని కోడలు భవాని నా తమ్మున్ని మంచిగ చూసుకున్నది. నేను ఏడ్పుల అన్నది..." అక్కడ ఆగింది. ఏడ్పుల మాట అబద్ధమని ఆమె నోట రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. "అబద్ధం అను పెద్దత్తమ్మా" అని పక్కనుంచి భవాని మెల్లగా అందించింది. ఆ మాట కూడా రికార్డయింది. "అబద్ధం" అంది అనసూయమ్మ.

భవాని అది అట్లాగే పెట్టమంది. సృజన తన పేరుతోనే పెట్టింది. మొదటిది చూసినవాళ్లలో నూటికి ఒకరు కూడా దీన్ని చూడలేదు. చూసినవాళ్లు రాసింది వేరు. ముసలమ్మను బెదిరించి చెప్పించారని రాశారు. పక్కనుంచి కోడలు అందిస్తోంది వినండని రాశారు. ఆ కళ్లలో భయం చూడండని రాశారు. ఆ తర్వాత మొదటి ముక్క మళ్లీ కొత్తగా తిరగడం షురూ అయింది.

ఆ రాత్రే ఓంప్రకాశ్ నుంచి భానుప్రకాశ్‌కు మెసేజ్ వచ్చింది. ఇకమీదట మీరు మా ఇంటికి రావద్దు, మేము మీ ఇంటికి రాము, అని. అందులో తిట్టు ఒక్కటి లేదు. భానుప్రకాశ్ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఇంట్లో సృజనను ఎవరూ ఏమీ అనలేదు. నానమ్మ ఎప్పటిలాగే చాయ పోసిచ్చేది, తలకు నూనె పెట్టేది. మాట్లాడేది కూడా. కూరలో ఉప్పు సంగతి, నల్లా నీళ్ల సంగతి. పాత సంగతులు చెప్పడం మాత్రం మానేసింది. చిన్నప్పటివి, వాళ్లమ్మవి, తమ్ముడివి ఏవీ చెప్పేది కాదు. ఒకరోజు సృజన తట్టుకోలేకపోయింది.

"నన్ను తిట్టు నానమ్మా. కొట్టు."

"ఎందుకు? తిడితే గది సుత రాసుకపోతవు," అంది అనసూయమ్మ. ఎగతాళి చేయలేదు. జాగ్రత్త చెప్తున్నట్టే అంది. అంటూనే మనుమరాలి చేతిలో ఫోన్ ఉందేమోనని చూసింది.

ప్రాజెక్టుకు యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి. డిసెంబరులో ఉదయ్ భాస్కర్ సార్ ఒక సదస్సులో శోకాల మీద పత్రం చదివాడు. ప్రతి ఒకటి సృజనకు పంపాడు. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో 'వక్త: అనసూయమ్మ, 71, మెట్టుగూడ. సేకరణ: విద్యార్థిని' అని ఉంది. పీజీలో జానపదమే తీసుకో, నీకు దాని మీద చూపుంది, అని ఫోన్‌లో అన్నాడు. ఆయన మంచిమాటే అంటున్నాడని సృజనకు తెలుసు. చూస్తా సార్ అంది. డిగ్రీ అయ్యాక చిలకలగూడలో ఒక ల్యాబులో రిసెప్షన్ పనికి చేరింది.

అంతకుముందే, ఫిబ్రవరిలో, వెనక గల్లీలో దూరపు చుట్టం ఒకామె పోయింది. అనసూయమ్మ వెళ్లింది. కొప్పు విప్పింది. అందరూ ఆమె గొంతు కోసం చూశారు. ఆమె శవం పక్కన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"ఏడ్వు పెద్దమ్మా. మా అమ్మకు దారి చూపియ్యి" అని పోయినామె కూతురు పట్టుకుని అడిగింది.

"మాటలొస్తలేవు బిడ్డా" అంది అనసూయమ్మ. ఆమె నోటినుంచి మూలుగు వచ్చింది గాని, ఒక్క మాట కట్టలేదు. మిగతా ఆడవాళ్లూ అట్లాగే వట్టి గొంతులతో ఏడ్చారు. నానమ్మను తీసుకుపోదామని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ సృజనను చూసి ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జులైలో పర్వతాలు సంవత్సరీకం వచ్చింది. ఆ రోజు తోబుట్టువు లేకుండా కార్యం జరగదు. కనీసం అనసూయమ్మ అట్లా అనుకుంది. పొద్దున్నే తలస్నానం చేసి, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. వీధివైపు కుర్చీ వేసుకుని కూర్చుంది. పది దాటింది, పన్నెండు దాటింది. గల్లీలోకి ఆటో వచ్చినప్పుడల్లా ఆమె తల తిరిగింది. సృజన ఆ రోజు పనికి సెలవు పెట్టింది.

"ఆటో పిలువనా నానమ్మా? నేను లోపలికి రాను. గల్లీ మొదట్ల ఉంట."

"పిలిస్తె పోవాలె," అంది అనసూయమ్మ. "పిలువకున్నా పోయేది పీనుగ కాడికే. గది అయిపాయె గద."

రెండింటిదాకా కూర్చుంది. ఆ తర్వాత లేచి లోపలికి వెళ్లి, చీర మార్చుకుని, దాన్ని మడతలు సరిచేసి మళ్లీ పెట్టెలో పెట్టింది. బయటకు వచ్చి కోడల్ని, సృజన తల్లిని, అన్నం పెట్టమంది. సృజన కూడా పళ్లెం తీసుకుని ఎదురుగా వచ్చి కూర్చుంది. అనసూయమ్మ కాదనలేదు. ముద్ద కలుపుకుంటూ, పప్పు ఇంకొంచెం వెయ్యమని సృజన పళ్లెం కోడలి వైపు జరిపింది.